గోడపత్రిక నుంచి వెబ్‌సైటు దాకా

సువర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారని తప్పించుకోబోయాను. "జ్ఞాపకాలు వద్దులెండి. మన బడి వెబ్‌సైటు ఎలా పుట్టింది, ఎలా పోయింది, మళ్లీ ఎలా వచ్చింది, అది రాయండి. సొంతంగా సైటు పెట్టుకోవాలనుకునే పిల్లలకు కూడా పనికిరావాలి" అన్నారు. ఆ కథలో నా తప్పులు కూడా ఉన్నాయి కాబట్టి నేనే రాయడం న్యాయం అనిపించి ఒప్పుకున్నాను.

మన బడిలో చదివినవాళ్లకు వరండాలోని గోడపత్రిక గుర్తుండే ఉంటుంది. తెలుగు మాస్టారు మా చేత కథలు, పొడుపుకథలు, ఊరి విశేషాలు రాయించి, పెద్ద చార్టు మీద అంటించి, హెడ్మాస్టరు గది పక్క గోడకు పెట్టించేవారు. దానికి కావలసినవి మూడే. రాసిన కాగితం, అంటించడానికి గోడ, ఆ గోడ ఎక్కడుందో నలుగురికీ తెలియడం. వెబ్‌సైటుకూ ఆ మూడే కావాలి. కాగితం అంటే పేజీ ఫైలు. గోడ అంటే హోస్టింగ్, అంటే ఇరవై నాలుగు గంటలూ నడిచే ఒక కంప్యూటరులో మనకిచ్చిన చోటు. గోడ ఎక్కడుందో చెప్పేది డొమైన్ పేరు. ఈ మూడూ వేరు వేరని, మూడూ మన చేతుల్లో ఉండాలని తెలుసుకోవడానికి మాకు ఇరవై ఏళ్లు పట్టింది.

ఎవరినీ అడగక్కర్లేని గోడ

స్విట్జర్లాండులోని సెర్న్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో ఒక ప్రతిపాదన రాశాడు. శాస్త్రవేత్తల కాగితాలు వేరు వేరు కంప్యూటర్లలో పడి ఉన్నాయి, ఒకదాని నుంచి ఇంకొకదానికి దారి ఉండాలి అన్నది ఆయన బాధ. ఆ దారే వెబ్ అయింది. 1991 ఆగస్టులో దాని గురించి బయటి ప్రపంచానికి చెప్పాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ పద్ధతిని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. మనలాంటి మామూలువాళ్లు ఇంట్లో కూర్చుని సైటు తయారు చేసుకోగలుగుతున్నామంటే ఆ ప్రకటనే కారణం. పేజీ రాసే భాష హెచ్‌టీఎంఎల్‌ను కూడా చాలా తేలికగా ఉంచారు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది ఫొటో, ఇది లింకు అని గుర్తులు పెట్టుకుంటూ పోవడమే. నోట్‌ప్యాడ్ చాలు.

కాగితం సులువే గానీ గోడ దొరకడం కష్టంగా ఉండేది. 1994లో అమెరికాలో మొదలైన జియోసిటీస్ ఆ కష్టాన్ని తీర్చింది. అది ఎవరికైనా ఉచితంగా చోటిచ్చేది. తన చోటును పేటలుగా విడగొట్టి వాటికి పేర్లు పెట్టింది. సినిమా పిచ్చి ఉన్నవాళ్లకు హాలీవుడ్ పేట, కంప్యూటరు వాళ్లకు సిలికాన్ వ్యాలీ పేట. పేటలో ఒక ఇంటి నంబరు ఇచ్చేవారు. 1999లో యాహూ దాన్ని కొనేసింది. ఆ దారిలోనే మరెన్నో ఉచిత సర్వీసులు వచ్చాయి.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా పెద్ద నగరాల్లో మొదలైంది. 1998లో ప్రైవేటు కంపెనీలకూ అనుమతి ఇచ్చాక చిన్న ఊళ్ల దాకా ఇంటర్నెట్ సెంటర్లు పాకాయి. అప్పటికి మన ఎలమంచిలి విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. అనకాపల్లి జిల్లా 2022 ఏప్రిల్‌లో కదా వచ్చింది. అప్పట్లో మనవాళ్లకు కంప్యూటరు పని పడితే ఉదయం పాసింజరు ఎక్కి విశాఖ వెళ్లి రాత్రికి తిరిగి రావడమే.

రజతోత్సవం నాటి సైటు

మన సంఘానికి ఇరవై అయిదేళ్లు నిండినప్పుడు రజతోత్సవ సంచిక వేశాం. అది ఇప్పటికీ చాలా ఇళ్లలో బీరువాల్లో ఉంది. ఆ సంచిక కోసమే తెలుగు మాస్టారి దగ్గరకు వెళ్లాం. అప్పటికి ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. మూడు సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టి బడి కథ చెప్పారు. తాటాకు పాక ఎవరు వేయించారో, బావి తవ్వినప్పుడు ఎన్ని మూరల దగ్గర నీరు పడిందో, ఏటికొప్పాక, పులపర్తి, కొక్కిరాపల్లి వైపు నుంచి పిల్లలు చద్దన్నం మూటలతో ఎలా నడిచి వచ్చేవారో, అన్నీ చెప్పారు. మేము నోటుబుక్కులో రాసుకున్నాం.

మూడో రోజు లేవబోతుంటే ఆయన అడిగారు. "ఏరా, సంచికలో పూర్వ విద్యార్థుల పట్టిక వేస్తున్నారు కదా, ఎవరెవరి పేర్లు వేస్తున్నారు?"

"పదో తరగతి పాసైనవాళ్లవి మాస్టారూ, రిజిస్టరు చూసి."

"అయితే ఏడులోనూ ఎనిమిదిలోనూ మానేసి పొలానికి పోయినవాళ్లు, పెళ్లి చేసి పంపేసిన ఆడపిల్లలు, వాళ్లు మన బడి పిల్లలు కారా? నాకు గుర్తున్నంత వరకు చెప్తాను, రాసుకోండి."

అలా చెప్పిన పేర్లు 47. కొందరివి ఇంటిపేర్లతో సహా, కొందరివి ఊరి పేరుతో, కొందరికి పక్కనే ఒక ముక్క. బాగా పాడేది. ఎక్కాలు ఇరవై దాకా తిరగేసి చెప్పేవాడు. ఏటికొప్పాకలో లక్కబొమ్మల పనికి వెళ్లిపోయాడు. అలాంటివి.

అచ్చు సంచికలో చోటు తక్కువ. పేజీకి ఇంత ఖర్చని లెక్క వేసుకున్నాక మాస్టారి కథకు రెండు పేజీలే మిగిలాయి. 47 పేర్ల జాబితాకు చోటు లేకపోయింది. అప్పుడు హైదరాబాదులో కంప్యూటరు కోర్సు చేసి వచ్చిన మా మిత్రుడు ఒకడు "వెబ్‌సైటు పెడదాం, అక్కడ పేజీలకు లెక్కేమిటి?" అన్నాడు. మేము చప్పట్లు కొట్టాం. సైటు అంటూ పుట్టింది ఆ పేర్ల కోసమే.

పని ఎలా జరిగిందో ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతారు. డీటీపీ సెంటరులో మాస్టారి కథ టైపు చేయించాం. స్టూడియోలో గ్రూపు ఫొటోలు స్కాన్ చేయించాం. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో ఒక్కో ఫొటో రెండో మాత్రమే పట్టేవి. ఫ్లాపీలు చేతిసంచిలో పెట్టుకుని ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లేవాళ్లం. ఫోను లైను మీద మోడెం కీచుమని అరిచి కలిసేది. మోడెం వేగం చెప్పుకోడానికి సెకనుకు 56 కిలోబిట్లు. మన వైపు నుంచి పంపేటప్పుడు అదీ ఉండదు. ఒక ఫ్లాపీలో ఉన్నదంతా పంపాలంటే లెక్క ప్రకారం ఆరేడు నిమిషాలు. మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటి నుంచి. అలా ఒక ఆదివారమంతా కూర్చుని, సాయంత్రానికి మొదటి పేజీ తెర మీద చూశాం. పైన బడి పేరు, కింద వేపచెట్టు ఫొటో. ఫొటో పై నుంచి కిందికి గీతలు గీతలుగా వచ్చేసరికి రెండు నిమిషాలు పట్టింది. అంతమందిమీ ఊపిరి బిగబట్టి చూశాం.

రెండు చిక్కులు మాత్రం ఆ రోజే కనబడ్డాయి. మా కంప్యూటరులో కనిపించిన ఫొటోలు సైటులో సగం కనిపించలేదు. కారణం, ఫైలు పేర్లలో పెద్దబడి, చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు కలిపి పెట్టాం. మన విండోస్‌కు ఆ తేడా పట్టదు. చాలా హోస్టింగ్ కంప్యూటర్లకు పడుతుంది. అది సరిచేసుకున్నాం. రెండో చిక్కు తెలుగు అక్షరాలది.

అక్షరాల చిక్కు

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కలిపి 0 నుంచి 127 దాకా సంఖ్యలు ఎప్పుడో స్థిరపడ్డాయి. తెలుగుకు అలాంటి ఒప్పందం వాడుకలోకి రాకముందు, ఫాంటు చేసేవాళ్లు ఒక ఉపాయం పన్నారు. ఇంగ్లీషు అక్షరం బొమ్మ తీసేసి, ఆ సంఖ్య దగ్గరే తెలుగు ముక్క బొమ్మ పెట్టారు. ఒక చోట తలకట్టు, ఒక చోట కొమ్ము, ఒక చోట వత్తు. కాగితం మీద అచ్చు వేయడానికి అది చక్కగా పనికొచ్చింది. తెర మీద చదవాలంటే చదివేవాడి కంప్యూటరులో కూడా అదే ఫాంటు ఉండాలి. లేకపోతే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లీషు చెత్త కనిపిస్తుంది. పైగా ఒక్కో ఫాంటుది ఒక్కో లెక్క. అప్పట్లో తెలుగు పత్రికల సైట్లు చూడాలంటే ముందు వాళ్ల ఫాంటు దించుకోవలసి వచ్చేది, గుర్తుందా?

అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు ఇంకో దారి పట్టారు. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో తప్పుల్లేకుండా రాసే ఒక పద్ధతి ఏర్పరిచారు. దాన్ని ఆర్‌టీఎస్ అంటారు. ఫాంటు లేకపోయినా ఉత్తరాలు నడిచేవి. ఈరోజు మనం ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు నొక్కి తెలుగు రప్పించుకునే అలవాటుకు పాత చుట్టం అదే. 1998లో మొదలైన 'ఈమాట' పత్రిక ఇలాంటి రోజుల్లోనే వెబ్ మీద తెలుగు సాహిత్యం నడిపింది. దాని పాత సంచికలు ఇప్పుడు యూనికోడ్‌లో హాయిగా చదువుకోవచ్చు.

యూనికోడ్ అంటే ప్రపంచంలోని లిపులన్నిటికీ ఎవరి సంఖ్యలు వాళ్లకు ఇచ్చిన ఒప్పందం. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. 3072 నుంచి 3199 దాకా, మొత్తం 128 గళ్లు మనవి. 'ఎ'కు 3086, 'ల'కు 3122. ఎలమంచిలి అని రాస్తే ఎ, ల, మ, సున్నా, చ, గుడి, ల, గుడి, ఇలా ఎనిమిది సంఖ్యలు. ఏ ఫాంటు మార్చినా, ఏ దేశంలో తెరిచినా ఆ ఎనిమిదీ మారవు. ఒప్పందం 1991లోనే ఉన్నా మన బల్ల మీదకు రావడానికి పదేళ్లు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా భారతీయ భాషలు సరిగా కనిపించాలంటే సీడీ పెట్టి విడిగా ఎక్కించుకోవాలి. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' ఆయన చేసిందే. 2006లో వీవెన్ తెచ్చిన 'లేఖిని'తో కీబోర్డు నేర్చుకోనివాళ్లు కూడా తెలుగు రాయగలిగారు. వీళ్లెవరూ ఈ పనుల మీద డబ్బు చేసుకున్నవాళ్లు కారు. పగలు ఉద్యోగాలు చేసుకుని, రాత్రిళ్లు కూర్చుని చేసిన పని ఇది.

మా సైటు మాత్రం ఆ ఒప్పందానికి ముందు రకం. ఎలా చేశామంటే, మొదటి నాలుగు పేజీలను ఫాంటు బెడద లేకుండా బొమ్మలుగా మార్చి పెట్టాం. అప్పట్లో చాలామంది అదే చేసేవారు. బొమ్మలు బరువెక్కుతున్నాయని మిగతా పేజీలు, అంటే మాస్టారి కథలో ఎక్కువ భాగం, ఆ 47 పేర్లతో సహా, డీటీపీ ఫాంటులోనే పెట్టేశాం. "ఫాంటు దించుకుని చదవండి" అని కింద రాశాం.

పోయిన సంగతి

మొదటి రెండేళ్లు ఉత్సాహంగా నడిచింది. దుబాయి నుంచి, డల్లాస్ నుంచి ఉత్తరాలు వచ్చేవి. బ్యాచ్‌లవారీగా చిరునామాలు, ఫోను నంబర్లు కూడా పెట్టాం. ఒకరోజు మా క్లాసు ఆడపిల్ల ఒకామె, అప్పటికి ఆమె ఇద్దరు పిల్లల తల్లి, ఫోను చేసి "అన్నయ్యా, నా నంబరు తీసెయ్యి. తెలియనివాళ్లు చేస్తున్నారు, ఇంట్లో మాట వస్తోంది" అంది. సిగ్గుపడి అందరి నంబర్లూ ఆ రాత్రే తీసేశాం. అడగకుండా ఎవరి వివరాలూ గోడకు అంటించకూడదన్న పాఠం అలా వచ్చింది.

తర్వాత ఉద్యోగాలు, పెళ్లిళ్లు, బదిలీలు. సైటు పెట్టిన మిత్రుడు విదేశం వెళ్లాడు. పాస్‌వర్డ్ అతనికే తెలుసు. ఖాతాకు ఇచ్చిన ఈమెయిలు అతను మానేసిన పాత ఉద్యోగంది. మేము వాడిన ఉచిత సర్వీసు మూతపడుతోందని, ఫలానా తేదీలోగా మీ ఫైళ్లు దించుకోండని హెచ్చరిక ఆ ఈమెయిలుకే వెళ్లి ఉంటుంది. చూసేవాళ్లు లేరు. ఎవరో ఒకసారి చిరునామా కొట్టి చూస్తే ఏమీ రాలేదు. అందరం "మళ్లీ పెడదాంలే" అనుకున్నాం.

ఇది మా ఒక్కళ్ల కథ కాదు. మాది జియోసిటీస్‌లో లేదు గానీ, ఆ మహానగరమే 2009 అక్టోబరు 26న మూతపడింది. పదిహేనేళ్ల పాటు ప్రపంచమంతటా మామూలు మనుషులు కట్టుకున్న లక్షల పేజీలు ఒక్క రోజుతో ఆగిపోయాయి. మూసేస్తున్నారని తెలిసి ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం రాత్రింబగళ్లు కూర్చుని దొరికినంత కాపీ చేసింది. 1996లో బ్రూస్టర్ కాల్ స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా చాలా పేజీలు దాచింది. మా సైటు కోసం అక్కడ వెతికాం. మొదటి పేజీ ఒక్కటే దొరికింది. వేపచెట్టు ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ చతురస్రం.

నోటుబుక్కు ఉందిగా అనే ధైర్యం ఒకటి ఉండేది. అది విశాఖలో ఒక మిత్రుడి ఇంట్లో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. కిటికీలు ఊడిపోయి ఇంట్లోకి వాన కొట్టింది. పుస్తకం ముద్దయి, సిరా కారిపోయింది. మాస్టారు అప్పటికే కాలం చేశారు. అంటే ఆ 47 పేర్లు ఇక ఎక్కడా లేవు. పదో తరగతి పాసైనవాళ్ల పేర్లు రిజిస్టరులో ఉన్నాయి, అచ్చు సంచికలో ఉన్నాయి. మాస్టారు ఎవరి కోసం పట్టుబట్టారో వాళ్లే మళ్లీ పోయారు.

దొరికిన సంగతి

సువర్ణోత్సవం పనులు మొదలయ్యాక సంఘం పాత కాగితాలు సర్దుతుంటే, జమాఖర్చుల ఫైలులో ఒక సీడీ దొరికింది. పైన మార్కరుతో "సైటు కాపీ" అని ఉంది. ఎవరు చేశారో ఎవరికీ గుర్తు లేదు. సీడీ తిప్పే కంప్యూటరు కోసం ఊరంతా వెతికి, చివరికి ఒక ఫొటో స్టూడియోలో చదివించాం. బొమ్మలుగా పెట్టిన నాలుగు పేజీలు కొత్తగా ఉన్నట్టే తెరుచుకున్నాయి. మిగతావి ఇంగ్లీషు చెత్త. ఆ డీటీపీ ఫాంటు ఎవరి దగ్గరా లేదు.

ఇప్పుడు మన బడిలో తొమ్మిది చదువుతున్న ఇద్దరు అమ్మాయిలు, కంప్యూటరు నేర్పే మాస్టారి సాయంతో, ఈ పని మీద కూర్చున్నారు. వాళ్ల ఉపాయం నాకు తట్టనిది. అచ్చు సంచికలో మాస్టారి కథలో రెండు పేజీలు ఉన్నాయి కదా. అవే రెండు పేజీలు సీడీలో చెత్తగానూ ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి, ఏ ఇంగ్లీషు గుర్తుకు ఏ తెలుగు ముక్కో పట్టిక రాసుకున్నారు. ఆ పట్టికతో మిగతా పేజీలు విప్పారు. నెల పట్టింది. మధ్యలో ఇంకో చిక్కు. సీడీలోకి ఎక్కించేటప్పుడో ఎప్పుడో 127 దాటిన సంఖ్యల్లో ఉన్న ముక్కలు కొన్ని ప్రశ్నార్థకాలుగా మారిపోయాయి. అవి ఎక్కువగా వత్తులు, కొన్ని గుణింతాలు. కథలో అయితే సందర్భాన్ని బట్టి పూరించుకోవచ్చు. మనుషుల పేర్లలో సందర్భం ఏముంటుంది? మన వైపు 'అప్పల'తో ఎన్ని పేర్లు మొదలవుతాయో మీకు తెలుసు. 'అప్పల' దాకా దొరికి, తర్వాతది రాజో, స్వామో, నాయుడో తేలకపోతే ఏం చేస్తాం?

47లో 39 పేర్లు గట్టిగా తేలాయి. ఎనిమిది అనుమానం. ఊళ్లలో పెద్దవాళ్లను అడిగి మూడు తేల్చుకున్నాం. అయిదు మిగిలాయి.

ఇప్పుడు పెట్టాలంటే

కొత్త సైటు ఆ ఇద్దరు అమ్మాయిలూ ఇంటి దగ్గరే తయారుచేశారు. పని క్రమం ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు కాగితం. పేజీని మామూలు టెక్స్టు ఎడిటరులో రాసి, యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేయాలి. పేజీ పైభాగంలో కూడా ఆ మాట చెప్పాలి. లేకపోతే తెలుగు మళ్లీ చెత్తగా కనిపించవచ్చు. మొదటి పేజీ ఫైలుకు ఇండెక్స్ అని పేరు పెట్టాలి. ఎవరైనా సైటు చిరునామా కొడితే హోస్టింగ్ కంప్యూటరు వెతికేది ఆ పేరునే. ఫైళ్ల పేర్లన్నీ చిన్నబడి ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా ఉండాలి. ఫోనుతో తీసిన ఫొటోలు నాలుగైదు మెగాబైట్లు ఉంటాయి. వాటిని తగ్గించి పెట్టాలి, అసలువి విడిగా దాచుకోవాలి. తెలుగు మాటలను బొమ్మలుగా పెట్టకూడదు. బొమ్మలో ఉన్న పేరును వెతికితే దొరకదు, కళ్లు కనబడనివారికి చదివి వినిపించే యంత్రానికి అది అర్థం కాదు.

తర్వాత గోడ. "మన ఇంట్లో కంప్యూటరే ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో పెట్టి సైటు నడపొచ్చు కదా" అని పిల్లలు అడిగారు. నేర్చుకోవడానికి మంచిదే. అయితే ఇంటి కనెక్షనుకు ఇచ్చే చిరునామా సంఖ్య తరచూ మారుతుంది. చాలా కంపెనీలు ఒకే సంఖ్యను ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తాయి కాబట్టి బయటివాళ్లు తిన్నగా మన యంత్రానికి చేరలేరు. కరెంటు పోతే సైటూ పోతుంది. అందుకే పేజీలు ఇంట్లో తయారుచేసి, బయట అద్దె చోటులో పెట్టడమే మేలు. మనలాంటి సైటు, అంటే రాతలు, ఫొటోలు మాత్రమే ఉన్నది, పెట్టుకోవడానికి ఉచిత చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. 2008లో వచ్చిన గిట్‌హబ్ పేజెస్ అలాంటిదే. ఉచితం తప్పు కాదు. ఉచిత చోటులో మాత్రమే మన కాపీ ఉండటం తప్పు.

ఇక పేరు. 2005 జనవరి నుంచి డాట్ ఇన్ పేర్లు అందరికీ సులువుగా దొరుకుతున్నాయి. తెలుగు లిపిలోనే డాట్ భారత్ పేరు కూడా తీసుకోవచ్చు. పేరు కొన్నామంటాం గానీ నిజానికి అది కౌలే. ఒకసారి కట్టితే గరిష్ఠంగా పదేళ్లు. గడువు దాటితే కొన్నాళ్లు ఆగి ఇంకొకరికి ఇచ్చేస్తారు. పేరు మన సొంతమైతే ఒక లాభం ఉంది. గోడ కూలిపోయినా ఇంకో గోడకు మారి, అదే పేరును అటు తిప్పుకోవచ్చు. చూసేవాళ్లకు తేడా తెలియదు. పాత సైటుకు మాకు సొంత పేరు లేదు. సర్వీసు పేరు వెనక మా పేరు తగిలించి ఉండేది. సర్వీసుతో పాటే అదీ పోయింది.

చివరగా భద్రత. సైటు హెచ్‌టీటీపీఎస్ పద్ధతిలో లేకపోతే బ్రౌజర్లు సురక్షితం కాదని భయపెడతాయి. దానికి కావలసిన ధ్రువపత్రం ఒకప్పుడు డబ్బు పెట్టి కొనవలసి వచ్చేది. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తోంది. చాలా హోస్టింగులు దాన్ని వాటంతటవే పెట్టేస్తాయి.

ఇదంతా ఒక సాయంత్రం పని. మా మొదటి సైటుకు ఒక ఆదివారం పట్టింది, పిల్లలకు రెండు గంటలు పట్టింది. పెట్టడం ఎప్పుడూ పెద్ద పని కాదు. నిలబెట్టడమే పని.

తాళంచెవులు

అందుకని ఈసారి కార్యవర్గ సమావేశంలో తీర్మానం చేసి మినిట్స్‌లో రాయించాం. డొమైన్ పేరు, హోస్టింగ్ ఖాతా సంఘం ఈమెయిలు మీదే ఉంటాయి, ఏ ఒక్కరి సొంత ఈమెయిలు మీదా కాదు. పాస్‌వర్డులు ముగ్గురి దగ్గర ఉంటాయి. వాళ్లలో ఒకరు తప్పనిసరిగా ముప్పై ఏళ్ల లోపువారై ఉండాలి. డొమైన్ కౌలు గడువు తేదీ సంఘం లెక్కల పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఉంటుంది. సైటు మొత్తం కాపీ ప్రతి ఏటా జనవరిలో రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఒకటి బడిలో, ఒకటి ఎలమంచిలికి దూరంగా ఉన్న సభ్యుడి ఇంట్లో ఉంచాలి. ముఖ్యమైన రాతలు కాగితం మీద అచ్చు తీసి బడి గ్రంథాలయంలో పెట్టాలి. సీడీ చదివే యంత్రం దొరకడమే కష్టమైన రోజులు చూశాం. పెన్‌డ్రైవుకూ ఆ రోజు వస్తుంది. అనుమతి ఇచ్చినవారి ఫొటోలే పెట్టాలి, ఫోను నంబర్లు అసలు పెట్టకూడదు.

వాట్సాప్ గ్రూపు ఉండగా ఇవన్నీ ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. గ్రూపు పలకరింపులకు బాగుంటుంది. మొన్న సంక్రాంతికి ఎవరు ఏ ఫొటో పెట్టారో ఇప్పుడు వెతికి చూడండి. పైగా మాస్టారు చెప్పిన 47 మందిలో ఒక్కరు కూడా ఏ బ్యాచ్ గ్రూపులోనూ లేరు. వాళ్లకు బ్యాచే లేదు.

కొత్త సైటులో మొదటి పేజీ తెరవగానే బడి ఫొటో కింద కనిపించేది ఆ జాబితానే. పక్కన మాస్టారు చెప్పిన ముక్కలు కూడా ఉన్నాయి. తేలని అయిదు పేర్ల దగ్గర చిన్న గీత పెట్టి ఉంచాం. పోయిన నెల ఏటికొప్పాక నుంచి ఒక అబ్బాయి తన తాతను బండి మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకొచ్చాడు. ఆ పెద్దాయన ఏడో తరగతిలో మానేశారు. అమ్మాయిలు ఫోనులో జాబితా తెరిచి చూపించారు. ఆయన తన పేరు చదువుకుని, "ఎక్కాలు ఇరవై దాకా అని రాశారు. ఇప్పుడూ చెప్తాను" అని అక్కడే నిలబడి పంతొమ్మిదో ఎక్కం తిరగేసి అప్పజెప్పారు. తర్వాత జాబితా మొత్తం చదివించుకుని, ఒక గీత దగ్గర ఆపి, "ఇది అప్పలస్వామి. నా పక్కనే కూర్చునేవాడు" అన్నారు.

నాలుగు మిగిలాయి. ఈ సంచిక ఇంటికి తీసుకెళ్లాక మీ ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఆ పేజీ ఒకసారి చదివి వినిపించండి. ఎవరికైనా గుర్తొస్తే సంఘానికి చెప్పండి. పేరు సరిచేయడం ఇప్పుడు నిమిషం పని.